కాసు శ్రోతది, పెత్తన మెవరిది?

అమెరికా దేశమున శ్రోతల చందాలతో నడచు క్రైస్తవ రేడియో కేంద్రములయం దొక ఆచారము కలదు. ఏటేట కొన్ని దినములు పాటలను, ప్రసంగములను తగ్గించి, ఉదయము మొదలు రాత్రివరకు ఒక్కటే విన్నపము చేయుదురు. ఈ కేంద్రము మీది యందురు. మీరు పంపిన నడచును, మీరు మానిన ఆగిపోవు నందురు. వంటయింట పని చేసికొనుచున్న ఇల్లాలు, రాత్రివేళ లారీ తోలు డ్రైవరు, పింఛనుపై బ్రదుకు ముదుసలి ఈ మాట వినుచున్నారు. వారిలో వేలకొలది జనులు ఫోనెత్తి, నెలకింత యని మాట యిచ్చుచున్నారు. ఇచ్చిన మాట తప్పక పంపుచున్నారు.

మే మడుగునది యొక్కటే. ఈ కేంద్రము మీది యని చెప్పిన మాట నిజమేనా? చందాల దినములు ముగిసి మరల పాట మొదలైన పిమ్మట ఆ "మీది" యను మాట కేమి అర్థము మిగులుచున్నది? వేరొక దేశపు వేరొక మతసంస్థల గొడవ మన పత్రిక కేల యని కొందరు పాఠకులు ముఖము చిట్లింపవచ్చును. చివరవరకు చదువుడని ప్రార్థించుచున్నాము. ఈ ప్రశ్న మన గుమ్మమువరకు వచ్చియే యున్నది.

మొదట మా పక్షమును దాచక చెప్పెదము. శ్రోతల చందాతో రేడియో నడపు పద్ధతికి మేము శత్రువులము కాము, మిత్రులము. రేడియోకు స్తంభము కావలెను, విద్యుత్తు కావలెను, యంత్రము నెరిగిన పనివారు కావలెను. ఈ ఖర్చు ముగ్గురిలో నెవరో యొకరు భరింపవలెను: వర్తకుడు, ప్రభుత్వము, లేక వినువాడు. వర్తకుడు భరించెనేని, సబ్బు అమ్ముడుపోవునంతవరకే సంగీతము. ప్రభుత్వము భరించిన నేమగునో మన దేశచరిత్రయే చెప్పుచున్నది. 1927 లో బొంబాయియందు మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ శ్రోతల లైసెన్సు రుసుముపై నిలువజూచి, శ్రోతలు చాలక 1930 లో మూతపడెను. ఆ పని దొరతనమువారి చేతికి పోయెను. 1936 లో ఆల్ ఇండియా రేడియో యను పేరు వచ్చెను. ఫలితమేమి? 1942 ఆగస్టులో దేశనాయకులు కారాగారముల పాలైనప్పుడు, ఆ వార్త జనులకు నిజముగా చెప్పుటకు ఉషా మెహతా మొదలగు యువజనులు బొంబాయిలో ఇల్లు మార్చి ఇల్లు చేరుచు, రహస్యముగా కాంగ్రెసు రేడియో నడపవలసివచ్చెను. నవంబరు 12 వ తేదీన పోలీసులు పట్టుకొనువరకు అది మాటలాడెను. ప్రభుత్వపు స్తంభమునుండి ప్రజల గొంతు రాదను సత్యమును మేము మరువలేదు.

కావున వినువాడే భరించుట ఉత్తమము. అమెరికాలో ఇందుకు చట్టపు నీడయు కలదు. 88 మొదలు 92 మెగాహెర్ట్జులవరకు గల ఎఫ్.ఎం. భాగమును 1945 నుండి వ్యాపారేతర కేంద్రములకై ప్రత్యేకించియున్నారు. వానిలో ప్రకటనలు అమ్మరాదు. ధనమిచ్చిన వర్తకుని పేరు చెప్పి కృతజ్ఞత తెలుపవచ్చునే కాని, సరకు వెల చెప్పరాదు, కొనుడని ప్రేరేపింపరాదు. షికాగోలోని మూడీ బైబిలు విద్యాలయము 1926 లోనే తన రేడియో నారంభించెను. 1949 లో బర్క్లీ నగరమున ల్యూయిస్ హిల్ అను శాంతివాది కె.పి.ఎఫ్.ఏ. అను కేంద్రమును స్థాపించి, శ్రోత యిచ్చు చందాయే రేడియోకు స్వాతంత్ర్యమని చాటెను. అది మతకేంద్రము కాదు. అయినను చందామార్గమును సిద్ధాంతముగా నిలిపిన కీర్తి దానికి దక్కవలెను.

గాంధీమహాత్ముడు 1894 లో నేటాలు ఇండియను కాంగ్రెసును స్థాపించి, అణా ముట్టినను రసీదు వ్రాయించెను. తరువాత తన ఆత్మకథలో ఆ యనుభవము చెప్పుచు, ప్రజాసంస్థకు స్థిరనిధి యుండరాదని వాదించెను. స్థిరనిధి గల సంస్థ ప్రజాభిప్రాయమును లక్ష్యపెట్టుట మానునని, ఏటేట ప్రజలిచ్చు చందాయే దాని సచ్ఛీలమునకు గీటురాయి యని ఆయన తాత్పర్యము. ఈ గీటురాయిపై ఈ క్రైస్తవ కేంద్రములను గీసి చూతము.

ఫ్యామిలీ రేడియో యను సంస్థ 1958 లో కాలిఫోర్నియాలో పుట్టెను. వర్తకప్రకటన లేదు, అంతయు శ్రోతల కానుకయే. క్రమముగా దానికి అరువదికి పైబడిన కేంద్రములు ఏర్పడెను. స్థాపకులలో ముఖ్యుడు హెరాల్డ్ క్యాంపింగ్, చదువుచేత ఇంజనీరు. ఆయన ఆ సంస్థనుండి జీతము పుచ్చుకొనలేదు. ఈ మాట ఆయన పక్షమున చెప్పవలసినదే. రాత్రులయందు బైబిలు ప్రశ్నలకు జవాబులు చెప్పుచు ఏబది యేండ్లు ఆ మైకు ముందు కూర్చుండెను. 1992 లో పుస్తకము వ్రాసి, 1994 సెప్టెంబరులో ప్రభువు రాకడ సంభవించునని సూచించెను. ఆ నెల వచ్చెను, పోయెను. ఆయన మైకు ముందే యుండెను. ఈ శతాబ్దారంభమున, దేవాలయముల కాలము ముగిసినది, విశ్వాసులు సంఘములను విడిచి బయటికి రావలెనని బోధించెను. అనగా, ప్రశ్నింపదగిన పెద్దలుగల సంఘమును విడిచి, ప్రశ్నింపరాని రేడియో నాశ్రయింపుమని చెప్పినట్లయ్యెను.

ఆ పిమ్మట 2011 మే 21 వ తేదీని తీర్పుదినముగా నిర్ణయించెను. రహదారుల ప్రక్కల వేలకొలది ప్రకటన పలకలు లేచెను. వ్యాన్లు ఊరూర తిరిగెను. శ్రోతల కానుకలే వీనికి మూలధనము. న్యూయార్కులో విశ్రాంతి పొందిన ఒక రవాణా ఉద్యోగి, తన జీవితపు పొదుపులో 1,40,000 డాలర్లు ఆ తేదీని ప్రకటించుటకై స్వయముగా వెచ్చించెను. మే 22 న సూర్యుడు ఎప్పటివలె నుదయించెను. తీర్పు కంటికి కనబడక జరిగినది, లోకాంతము అక్టోబరు 21 న వచ్చునని క్యాంపింగు సవరించెను. అదియు రాలేదు. 2012 మార్చిలో తాను పొరబడితినని, తేదీ చెప్పుట పాపమని బహిరంగముగ ఒప్పుకొనెను. 2013 డిసెంబరులో మరణించెను. చనిపోయిన వృద్ధుని ఇప్పుడు నిందించుటవలన ఫలము లేదు. నేరమును ఒప్పుకొను ధైర్యము ఎందరికి కలదు?

మా ప్రశ్న వేరు. 1994 మొదలు 2011 వరకు పదునేడేండ్లు కడచెను. మొదటి జోస్యము తప్పెనని లోకమెల్ల నెరుగును. ఆ పదునేడేండ్లలో ఆయనను ఆ పీఠమునుండి దింపుటకు, కనీసము ఈ సొమ్ము పలకలకు వెచ్చింపకుడని తీర్మానించుటకు, ఏ దాతకు ఓటుండెను? ఎవరికిని లేదు. వేలమంది చేతులు కాసులు వేసినవి. కాని ఒక్క చేయియైనను మైకును పట్టి ఆపలేకపోయినది. కాసు శ్రోతది, పెత్తనము మాత్రము పీఠముది.

దీనికి మూడు సమాధానములు వినవచ్చుచున్నవి. మూడింటిని విచారింతము.

మొదటిది భక్తుల సమాధానము. దేవున కిచ్చినదానికి లెక్క అడుగరాదు, కుడిచేయి యిచ్చినది ఎడమచేతికి తెలియరా దందురు. ఇచ్చినవాడు గొప్పలు చెప్పుకొనరాదనునది ధర్మమే. పుచ్చుకొన్నవాడు లెక్క దాచవచ్చునని దాని కర్థము కాదు. క్రైస్తవుల గ్రంథమే దీనికి సాక్షి. యెరూషలేములోని బీదలకై చందా కూర్చునప్పుడు అపొస్తలుడైన పౌలు ఏమి చేసెను? కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక, ఎనిమిదవ అధ్యాయము చూడుడు. సొమ్ము తానొక్కడే తీసికొనిపోలేదు. సంఘములవారే యేర్పరచిన సహోదరుని ప్రయాణమున తోడుగా నుంచుకొనెను. ఈ ధర్మకార్యమున తమపై ఎవరును తప్పు మోపకుండునట్లు, దేవుని యెదుటనే కాక మనుష్యుల యెదుటను యోగ్యముగా నడువవలెనని ఆయన ఉద్దేశము. అపొస్తలుడే దాతల ప్రతినిధిని వెంట బెట్టుకొనగా, రేడియో పాలకవర్గమునకు ఆ ప్రతినిధి బరువగునా?

న్యాయశాస్త్రమును ఇదే చెప్పును. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ధర్మసంస్థల వ్యాజ్యములు కొత్త కావు. ఒక కార్యమునకని పదిమంది యిచ్చిన సొమ్మును ధరించువాడు యజమాని కాడు, ధర్మకర్త. అమెరికాలో లాభాపేక్షలేని సంస్థలు ఏటేట ప్రభుత్వమునకు పంపు ఆదాయవ్యయ పత్రమును అడిగినవారికెల్ల చూపవలెనని చట్టము కలదు. ఇది మేలే. కాని లెక్క చూపుట యొకటి, లెక్కకు లోబడుట యొకటి. కాగితము చూచినవాడు నిట్టూర్చి యూరకుండుట తప్ప మరేమియు చేయజాలనప్పుడు, ఆ కాగిత మెంత శుభ్రముగా నున్నను దాత చేతికి బలము రాదు.

రెండవది వ్యవహారజ్ఞుల సమాధానము. నచ్చనివాడు చందా మానుకొనవచ్చును, అదియే వాని ఓటని వీరి వాదము. చిన్న కేంద్రము, చేతికి నోటికి సరిపోవు బ్రదుకు ఉన్నంతకాలము ఇందులో సత్యము కలదు. గాంధీజీ చెప్పినదియు నదే. కాని కేంద్రములు లైసెన్సులను, స్తంభములను, స్థలములను కూడబెట్టిన పిమ్మట ఆ సత్యము చచ్చుచున్నది. ఫ్యామిలీ రేడియో గతి చూడుడు. 2011 తరువాత చందాలు తగ్గెను. సంస్థ ఏమి చేసెను? రెండేండ్లలోపల ఫిలడెల్ఫియా, అన్నాపోలిస్, న్యూయార్కు ప్రాంతములకు వినబడు మూడు పెద్ద కేంద్రములను వర్తకరేడియో కంపెనీలకు అమ్ముకొనెను. ఎన్నో యేండ్లుగా ఆ ప్రాంతముల వృద్ధులు, వితంతువులు పంపిన కానుకలే ఆ కేంద్రములను నిలిపినవి. అమ్మునప్పుడు వారి ఓటు తీసికొనలేదు. ఎవడు చందా మానెనో, వాని పాత చందాయే వానిని లెక్కింపకుండ బ్రదుకుటకు సంస్థకు ఆధారమయ్యెను! స్థిరనిధి బ్యాంకిలోనే యుండనక్కరలేదు. అది గాలిలోని తరంగముగా నుండవచ్చును, ఇనుపస్తంభముగా నుండవచ్చును.

మరియొక ఉదాహరణము. 1982 లో కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో ఒక్క కేంద్రముతో మొదలైన సంస్థ ఎడ్యుకేషనల్ మీడియా ఫౌండేషన్ అను పేర పెరిగి, నేడు కె-లవ్ అను క్రైస్తవ సంగీతప్రసారమును దేశమంతట వందలకొలది కేంద్రములనుండి వినిపించుచున్నది. 2018 లో షికాగోలో పేరొందిన ఒక రాక్ సంగీతకేంద్రమును కొనెను. 2019 లో న్యూయార్కులోని 95.5 తో సహా ఆరు కేంద్రములను ఒక్క బేరమున 10 కోట్ల 35 లక్షల డాలర్లకు పుచ్చుకొనెను. ఇందు దొంగతనము లేదు. మేమట్టి నిందను చేయుట లేదు. వర్తకప్రకటనలు పోయి, కీర్తనలు వచ్చెనని సంతసించువారును పెక్కుమంది. కాని ఒక్క స్టూడియోలో పలికిన పలుకును ఉపగ్రహముద్వారా నూరు నగరములకు పంపుట సాధ్యమైనపుడు, నూరు నగరములలో తమ ఊరి గొంతు వినుభాగ్యము లేకపోవుచున్నది. కేంద్రము తానున్న ఊరిలోనో, దాపుననో స్టూడియో నుంచుకొనవలెనను నియమమును అమెరికా ప్రభుత్వము 2017 లో ఎత్తివేసెను. ఊరు చందా యిచ్చును. ఊరి వరద, ఊరి చావు, ఊరి పాట మాత్రము వినబడవు. చందా ఊరిదిగాను, మాట దూరపు నగరముదిగాను ఉండుటను మన మింటనే యెరుగుదుము. శిస్తు ఇచటిది, శాసనము లండనుది యను కాలమును మన పెద్దలు అనుభవించిరి. దొరలనైన మతిమంతులని, దయాళువులని పొగడినవారుండిరి. మంచివాడైనను నిన్నడుగక నిన్నేలువాడు దొరయే.

మూడవది విద్యావంతుల సమాధానము. దాతలకు ఓటిచ్చిన కలహములు పుట్టును, పార్టీలు లేచును, పాలన చెడు నందురు. ఇందుకు వారు చూపు దృష్టాంతము పైన చెప్పిన కె.పి.ఎఫ్.ఏ. 1999 లో ఆ కేంద్రపు పనివారికిని, దానిని ధరించు పసిఫికా సంస్థ పాలకవర్గమునకును కలహము ముదిరి, పనివారిని బయటనుంచి తలుపులు మూసిరి. బర్క్లీ పురజనులు వేలకొలదిగా వీధులకెక్కిరి. తుదకు, చందా యిచ్చిన శ్రోతలే స్థానికసభల నెన్నుకొను నియమావళి వచ్చెను. ఆ పిమ్మట కక్షలు వచ్చినమాట నిజము, అప్పులు పెరిగినమాట నిజము. దాచుటలేదు. అయితే మేమడిగెదము: కలహమే లేని ఫ్యామిలీ రేడియోలో జరిగినదేమి? అచట ఎవరును అరవలేదు, ఎవరును ఓటడుగలేదు, సభలు చెదరలేదు. నెమ్మదిగా ముదుసలుల పొదుపు ప్రకటన పలకలై రహదారులమీద నిలిచెను. కలహము వ్యాధియైన, మౌనము మరణము. స్వరాజ్యము కోరినపుడు మనకును ఇదే చెప్పిరి గదా, మీలో మీకు తగవులున్నవి, మీ కెందుకు స్వరాజ్యమని! తగవులు తీర్చుకొనుట నేర్చుకొనవలెనన్నను మొదట అధికారము చేతికి రావలెను.

ఇక మన సంగతి. ఇది చదువు పాఠకులలో పలువురు పఠనమందిరమున కూర్చుండి చదువుచుందురు. ఆ మందిర మెట్లు నడచుచున్నది? 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘ మేర్పడిన నాటినుండి తెలుగుదేశమున పల్లెపల్లెకు గ్రంథాలయములు పుట్టినవి. చందాదారులే సభ్యులు, సభ్యులే కార్యదర్శి నెన్నుకొందురు. చందాపుస్తకము చేతబట్టి ఇల్లిల్లు తిరిగినపుడు, లెక్క చెప్పుమని నిలదీసిన గృహస్థుని చూచి మేము ఒకానొకప్పుడు విసుగుకొంటిమి. విసుగు తప్పని యిప్పుడు తెలిసినది. లెక్క యడిగినవాడే మరుసటి యేడు చందా మరువక యిచ్చెను. 1921 లో బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చ నిశ్చయించినపుడు, బీదలిచ్చిన అణాలును అందు చేరినవి. ఇచ్చినవాడు కార్యములో భాగస్వామి యను నమ్మికయే ఆ కోటికి మూలము.

నేడు తెలుగువారిలో లక్షలమంది క్రైస్తవులు కలరు. వారి చెవికి రేడియో సువార్త చిరకాలమునుండి విదేశపు స్తంభములనుండియే వచ్చినది. సింహళములోని పుత్తలమునుండి ట్రాన్స్ వరల్డ్ రేడియోవారు తెలుగున చేసిన ప్రసారములను మన పల్లెలవారు విన్నారు. మన దేశమున ప్రైవేటు ఎఫ్.ఎం. లైసెన్సులు మతసంస్థల అధీనమందలి కంపెనీలకు ఇయ్యరాదని నియమము కలదు. అందుచేత ఆ పని ఇప్పుడు టెలివిజనునకును, చేతిఫోనునకును మారినది. అచటను ప్రసంగము చివర ఖాతా సంఖ్య కనబడును, కానుక పంపుడను విన్నపము వినబడును. పొగాకు బేరన్లలో పనిచేయు కూలిది ఆ కానుక పంపుచున్నది. ఇది ఒక్క క్రైస్తవులమాటయే కాదు. హిందువుల పీఠములు, ఆశ్రమములు, బాబాలు ఇదే మార్గము తొక్కుచున్నారు. కావున అన్యమతస్థులు అమెరికా కథ విని నవ్వనక్కరలేదు. హుండీలో వేసిన కాసునకు మన మెంతమందిమి లెక్క అడిగితిమి?

మెదకు ప్రాంతమున జహీరాబాదు చెంత మాచనూరులో 2008 లో సంఘం రేడియో యను సామాజిక కేంద్రము లైసెన్సు పొంది మాటలాడ నారంభించెను. దానిని నడపువారు దళితస్త్రీలు. అది చందాకేంద్రము కాదు, మతకేంద్రము కాదు. అయినను అచట వినువారే మాటలాడువారు. వారి విత్తనము, వారి పాట, వారి యాస గాలిలోనికి వచ్చెను. చదువు కొద్దిగా నున్న పొలముకూలీలు రేడియో నడపజాలిరి. ఇక నెలనెల కానుక పంపు శ్రోతకు పాలన తెలియదని చెప్పుట ఏమి న్యాయము?

శ్రోతల సొమ్ముతో నడచు ప్రతి మతరేడియోను, అది షికాగోలో నుండనిండు, గుంటూరులో నుండనిండు, మేము నాలుగు కోరుచున్నాము. చందాలడుగు దినములయందే, అదే మైకులో, గడచిన యేటి ఆదాయవ్యయములు చదివి వినిపింపవలెను. ఏడాదిపాటు చందా యిచ్చిన ప్రతివానికి, అది ఎంత చిన్నదైనను, ఒక్క ఓటుండవలెను. పాలకవర్గములో మూడవవంతైనను వారిచే ఎన్నుకొనబడవలెను. కేంద్రమును గాని లైసెన్సును గాని కొనుటకును అమ్ముటకును ముందు ఆ ఊరి దాతల సమ్మతి పొందవలెను. బోధించువాని చేతిలో ఖజానా తాళపుచెవి యుండరాదు. ఈ నాలుగింటిలో దైవదూషణ యేదియు లేదు.

శ్రోతలారా! చందా మానుకొనుడని మేము చెప్పము. ఇయ్యుడు, వర్తకుడు కొనజాలని, ప్రభుత్వము మూయజాలని గొంతు ఒక్కటైన లోకమున నుండవలెను. కాని ఇచ్చు చేతితోనే లెక్కపుస్తకమును తెరువుడు. ఈ కేంద్రము మీది యని వారు పలికిన మాటను గట్టిగా పట్టుకొని, ఏదీ మా ఓటు, ఏదీ మా కుర్చీ యని యడుగుడు. అడిగినందుకు కోపించువాడు మీ కానుకకు పాత్రుడు కాడు.